నిలువు నిమిషాల్లో, అడ్డం మిల్లుల్లో

మా ఊరి రైఫిల్ క్లబ్బుకు తుపాకులు రెండు, కార్యవర్గ సభ్యులు పదకొండు మంది. ఆ పదకొండో సభ్యురాలిని నేను. కార్యవర్గంలో ఒక మహిళ ఉండాలని ఒక నిబంధన, క్రీడాకారుల కుటుంబాల నుంచి ఒకరుండాలని ఇంకో నిబంధన ఉన్నాయి. ఒక్క కుర్చీతో రెండూ తీరిపోతాయని నన్ను తీసుకున్నారు. నా దస్తూరి బాగుంటుందని తెలిశాక తీర్మానాల పుస్తకం కూడా నా ముందుకే జరిపారు.

క్రీడాకారిణి మా ఆడపడుచు హైమ. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇంట్లో దువ్వెన ఎక్కడ పెట్టిందో గుర్తుండదు గానీ, నేల మీద బోర్లా పడుకుని తుపాకీ భుజానికి ఆనించిందంటే యాభై మీటర్ల అవతలున్న చుక్కను వదలదు. మార్చి నెలాఖరుకు తనకు ఇరవై ఒకటి నిండుతాయి. ఆ తర్వాత జూనియర్ జట్టులోకి రానివ్వరు. రాష్ట్ర జట్టులో మా జిల్లాకున్నది ఒకే ఒక చోటు. ఫిబ్రవరిలో జరిగే ఎంపికే హైమకు ఆఖరి అవకాశం.

దసరా వెళ్లిన వారంలో ఒక దాత మా క్లబ్బుకు రెండు స్కోపులు ఇచ్చారు. స్కోపంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి. లోపలికి చూస్తే ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుంది. దాన్ని చుక్క మీద నిలిపి కాలుస్తారు. తూటా పక్కన పడితే స్కోపుకున్న రెండు మరల్ని టిక్కు టిక్కుమంటూ తిప్పి సరిచేస్తారు. పై మర ఎత్తుపల్లాలకు, పక్క మర కుడిఎడమలకు. మరల మీద అంకెలు చెక్కిన మూతలుంటాయి. స్కోపులు రెండూ మంచివే. ఒకదాని అంకెలు నిమిషాల్లో ఉన్నాయి, రెండోదానివి మిల్లుల్లో. అంతే తేడా.

ఈ నిమిషం గడియారంలోది కాదు, కోణంలోది. డిగ్రీలో అరవయ్యో వంతు. యాభై మీటర్ల దూరాన అది సెంటీమీటరున్నర. మిల్లు కూడా కోణమే, కాస్త పెద్దది. అదే దూరాన అయిదు సెంటీమీటర్లు.

"రెంటిలో ఏది మంచిది వదినా?" అని ఆ రోజు వంటింట్లోకి వచ్చి అడిగింది హైమ. నేను ఎసరు పెడుతున్నాను.

"బియ్యం ఏ గ్లాసుతో కొలిస్తే నీళ్లూ ఆ గ్లాసుతోనే కొలవాలి. గ్లాసు పెద్దదా చిన్నదా అని అన్నానికి పట్టింపు లేదు."

"మరి నిన్న అన్నం జావెందుకయింది?"

"నిన్న వండింది నువ్వు కనక."

ఈ సంగతి కార్యవర్గానికి కూడా ఇంతే తేలిక అనుకున్నాను.

సమావేశం ఆదివారం పదింటికి పెట్టారు. క్లబ్బులో రెండు పద్ధతులుంటే క్రమశిక్షణ దెబ్బతింటుందని, ఒకటే ఎంచుకోవాలని ఎజెండా. అధ్యక్షులు దామోదర పట్నాయక్‌గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన నిమిషాల పక్షం.

"ముప్పై ఆరేళ్లు డిగ్రీలూ నిమిషాలూ చూసి కాలువలు తవ్వించాను. ఆ కాలువల్లో నీళ్లు పారాయి" అన్నారాయన బల్ల మీద వేలు ఆనించి.

"ఎటు పారాయి సార్?" అని అడిగారు కార్యదర్శి జోగినాయుడుగారు. ఆయన ఫిరంగిదళంలో సుబేదారుగా చేసి వచ్చారు. మిల్లుల పక్షం. "ఇరవై రెండేళ్ల సర్వీసులో నా చెవిన మిల్లు తప్ప మరో మాట పడలేదు. ఫిరంగి ముందు నిలబడి నిమిషాలని చూడండి, నవ్విపోతారు."

"ఫిరంగి ముందు నిలబడి నవ్వేవాళ్లెవరండీ?"

"అదే నేనూ చెప్పేది!"

ఇలా పన్నెండున్నర దాకా నడిచింది. మధ్యలో నేను చెయ్యెత్తి, ఏ పద్ధతయినా ఫరవాలేదని, ఒక తుపాకీ మీద మాత్రం ఒకే పద్ధతి ఉండాలని, గ్లాసు సంగతితో సహా చెప్పాను. తీర్మానాల భాష చూసే విశ్రాంత తహసీల్దారు బెహరాగారు కళ్లజోడు సవరించుకుని, "మహిళా సభ్యురాలు ఫలహారాల విషయం ప్రస్తావించారు, అని రాయండమ్మా" అన్నారు. రాశాను.

ఆకలి వేళకు బెహరాగారే దారి చూపించారు. ఎవరి మనసూ నొప్పించకుండా తగువు తీర్చడంలో ఆయనకు మంచి పేరుంది. ఆయన చెబుతుంటే నేను రాసిన తీర్మానం ఇది:

"ఉభయ పద్ధతులయందును ఈ క్లబ్బునకు సమాన గౌరవము కలదు గావున, ఎత్తుపల్లములు అధ్యక్షులవారి వృత్తికి చెందినవగుటచే నిలువు కొలతలు నిమిషములలోను, పార్శ్వములు సేనకు చెందినవగుటచే అడ్డు కొలతలు మిల్లులలోను ఉండవలెనని ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది."

చప్పట్లు కొట్టారు. ఇద్దరికీ సగం సగం. రెండు తుపాకులకూ ఒకే న్యాయం.

అమలు ఇంకా సులువుగా జరిగింది. బజారులో గడియారాలు బాగుచేసే అతన్ని పిలిపించారు. నిమిషాల స్కోపు పక్క మర మూత తీసి మిల్లుల స్కోపుకు, మిల్లుల స్కోపు పై మర మూత తీసి నిమిషాల స్కోపుకు తొడగమన్నారు. అతను రెండు మూతలూ చేతిలో పట్టుకుని తటపటాయించాడు.

"లోపలి చక్రాలు మార్చకుండా పైన అంకెలు మారిస్తే ఏం లాభమండీ? డయలు మార్చినంత మాత్రాన గడియారం నడక మారదు కదా."

"చెప్పిన పని చెయ్యవయ్యా. నీకు తీర్మానం చూపించాలా?" అన్నారు జోగినాయుడుగారు. తొడిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి లెక్క కట్టాను. ఒక తుపాకీలో పక్క మర అడిగినదాంట్లో సగమే జరుపుతుంది. రెండోదాంట్లో పై మర అడిగినదానికి రెట్టింపు జరుపుతుంది. అంకెలు చూసి తిప్పేవాళ్లెవరికీ తూటా చుక్కకు తగలదు. ఇదంతా బొమ్మ గీసి ఒక ఉత్తరం రాసిచ్చాను. మూడో రోజున జవాబొచ్చింది: "మీ లేఖ అందినది. పరిశీలనలో ఉన్నది."

అయినా ఓపిగ్గా రెండుసార్లో మూడుసార్లో తిప్పుకుంటే చుక్క దొరికేదే. దానికి ఇంకో అడ్డంకి వచ్చింది. మా క్లబ్బులో సాయంత్రమయ్యేసరికి స్కోపులు విప్పేస్తారు. తుపాకులు ఆయుధాల గదికి చెందుతాయి, స్కోపులు ఆఫీసు సామాను కింద కార్యదర్శిగారి బీరువాకు చెందుతాయి. పొద్దున్న మళ్లీ బిగించినప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది. కాబట్టి రోజూ మొదటి తూటా కొత్త చోట పడేది. కుర్రాళ్లు మరలు తిప్పుకుంటూ కూర్చునేవారు. అది చూసి అధ్యక్షులవారు, "ఇష్టానుసారం తిప్పితే మరలు అరిగిపోవా?" అన్నారు. దాంతో కోణ సవరణ నిబంధనలు పుట్టాయి.

ఒక్కొక్కరికి రోజుకు ఒకే సవరణ. అదీ అర్జీ పెట్టుకుని. నిలువు సవరణకు అధ్యక్షులవారి సంతకం, అడ్డు సవరణకు కార్యదర్శిగారి సంతకం కావాలి. సవరణ అంటే ఏమిటో తేలకపోతే దుర్వినియోగం అవుతుందని బెహరాగారు నిర్వచనం కూడా చెప్పారు. "సవరణ అనగా నిమిషములలో గాని, మిల్లులలో గాని, అంకెలతో వ్యక్తపరచబడిన మార్పు." అదీ నా చేత్తోనే రాశాను. ఒక్క అక్షరం పోకుండా రాశాను.

సంక్రాంతి సెలవులయ్యేసరికి క్లబ్బంతా కోణాలమయం అయింది. కుర్చీ జరపమనాలంటే జోగినాయుడుగారు "ఎడమకు ముప్పై మిల్లులు" అనేవారు. ఉదయం గేటు సగం తెరిచి వెళ్లిపోయాడని కాపలాదారుకు తాఖీదు ఇచ్చారు. గేటు పూర్తిగా అంటే అయిదు వేల నాలుగు వందల నిమిషాలు తెరవాలని అందులో ఉంది. అతను దాన్ని టైము అనుకుని, అన్ని నిమిషాలకు రోజులెన్నవుతాయో లెక్క కట్టించుకుని, మూడు రోజుల ముప్పావు పాటు గేటు మూయలేదు. రెండు మేకలు మైదానంలోకొచ్చి అధ్యక్షులవారు నాటిన గులాబీలు తిని వెళ్లాయి.

ఇంత చేసినా ఒక్క తూటా కూడా చుక్కకు తగల్లేదు. విచారణ సంఘం వేశారు. కొండ మీంచి వీచే గాలి కారణమని మొదటి నివేదిక వచ్చింది. గాలి లేని రోజున కూడా తగలకపోవడంతో, గాలి లేకపోవడం కారణమని రెండో నివేదిక వచ్చింది. మూడో నివేదిక బెహరాగారు స్వయంగా రాశారు. "తూటాను లక్ష్యము వద్దకు చేర్చుట ఎట్లు సవరణయో, లక్ష్యమును తూటా వద్దకు చేర్చుటయు అట్లే సవరణ."

దాని భావం నాకు మర్నాడు పైడయ్య చెబితే తెలిసింది. పైడయ్య మట్టికట్ట వెనక గోతిలో కూర్చుని, తూటా ఎక్కడ పడిందో ఎర్ర పళ్లెం కట్టిన కర్రతో చూపించే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆ రోజు ఒక చేతిలో గమ్ము సీసా, ఇంకో చేతిలో చుక్కలున్న కాగితాల కట్టతో కనిపించాడు.

"ఏమిటి పైడయ్యా, ఈ గమ్మెందుకు?"

"ఏటి సెప్మంతారమ్మగారూ. ఇప్పుడు ఉత్త తెల్లట్ట మీద కాలుత్తన్నారు. కన్నం ఎక్కడ పడ్డాదో సూసి, నానెల్లి ఈ కాయితం సుక్క సరిగ్గా కన్నం మీదకొచ్చీలాగ అంటించీయాల. ప్రెసిడెంటుగోరి ఆర్డరు."

"అప్పుడు అందరికీ పదికి పదే కదా?"

"పదికేటి తక్కువొత్తాదమ్మా? నా గమ్ము బాగున్నన్నాళ్లూ పదే!"

వారం తిరిగేసరికి కార్యవర్గంలో పదిమందికీ నూటికి నూరు వచ్చాయి. తుపాకీ ఎటువైపు పట్టుకోవాలో అడిగి తెలుసుకున్న పట్నాయక్‌గారికి నూరు. బెహరాగారికి తొమ్మిది తూటాలతోనే నూరు. పదోది పేలలేదు, కానీ పాత కన్నం ఒకటి ఖాళీగా ఉందట. నన్నూ కాల్చమన్నారు. కాల్చకపోతే కనీసం తొంభై వేస్తామన్నారు. వద్దన్నాను.

ఆ సాయంత్రం హైమ అన్నం ముందు కూర్చుని కలపడం మానేసింది.

"ఊపిరి బిగబట్టి కాల్చినా నాకు నూరే. బెహరాగారు తుమ్ముతూ కాల్చినా నూరే. ఇంక నేను ప్రాక్టీసెందుకు వదినా? నాకు గురి ఉందో పోయిందో నాకే తెలీడం లేదు."

పచ్చడి వేసి, "ముందు తిను" అన్నాను.

మా క్లబ్బు మార్కులు చూసి రాష్ట్ర సంఘం నివ్వెరపోయింది. ఒక్క ఊళ్లో ఇంతమంది నూరు మార్కులవాళ్లు దేశంలో ఎక్కడా లేరట. ఇలాంటి మైదానాన్ని కళ్లారా చూడాలని, మా జిల్లా ఎంపిక ఇక్కడే పెడతామని ఉత్తరం రాశారు. పరిశీలకురాలిగా సునందినీ దేవిగారు వస్తారు. జూనియర్లలో ఎవరికైనా పది తూటాలకు తొంభై అయిదు రావాలి. రాకపోతే మా జిల్లా చోటు పక్క జిల్లాకు ఇచ్చేస్తారు. కార్యవర్గం ఆ ఉత్తరానికి చట్రం కట్టించి గోడకు తగిలించింది.

సునందినీ దేవిగారు పొట్టిగా, చురుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. పొద్దున్నే ఏడింటికి తన కాగితాలు తనే తెచ్చుకున్నారు. బోర్డుకు తనే మేకులు కొట్టించారు. గమ్ము సీసాతో నిలబడిన పైడయ్యను చూసి, "ఇదెందుకు?" అని అడిగారు.

"ఇయ్యాల అక్కర్లేదాండి?"

"దేనికి?"

పైడయ్య సీసా జేబులో పెట్టుకుని గోతిలోకి దిగిపోయాడు. మా పెద్దలు ముగ్గురూ కొండ వైపు చూస్తూ నిలబడ్డారు.

కాల్చవలసిన జూనియర్లు ముగ్గురు. మొదటి ఇద్దరు కుర్రాళ్లకు నలభై రెండు, ముప్పై ఎనిమిది వచ్చాయి. హైమ వంతు వచ్చింది. బీరువాలోంచి అప్పుడే తెచ్చి బిగించిన స్కోపు. లెక్కలోకి రాని తూటాలు రెండు, ఆ తర్వాత లెక్కలోకి వచ్చేవి పది.

మొదటి తూటా ఎత్తు సరిగ్గానే ఉంది, కానీ చుక్కకు కుడిపక్క బెత్తెడు దూరాన పడింది. హైమ లేచి అర్జీ నింపింది. ఎడమకు ఒకటిన్నర మిల్లు. జోగినాయుడుగారు చదివి, సంతకం చేసి, తారీఖు మరిచిపోయి, మళ్లీ తీసుకుని తారీఖు వేసి ఇచ్చారు. హైమ మర తిప్పి రెండో తూటా కాల్చింది. పైడయ్య ఎర్ర పళ్లెం చుక్కకు కుడిపక్కనే ఆగింది. మూత మీది అంకెలు ఒకటిన్నర అన్నాయి. లోపలి చక్రాలు సగమే వెళ్లాయి.

"ఇంకొక్కసారి తిప్పుకోనివ్వండి సార్" అంది హైమ.

"రోజుకొక సవరణే అమ్మా. రూలు నీ ఒక్కదానికి కాదు కదా" అన్నారు జోగినాయుడుగారు. ఆయన ముఖంలోనూ బాధ ఉంది. కానీ ఆయన క్రమశిక్షణ గల మనిషి.

హైమ నా వైపు చూసింది. పెదవి బిగించింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల పైడయ్య గోతిలోంచి తల పైకెత్తి ఆ కన్నాన్నే చూస్తున్నాడు, కాగితం అంటించడానికి చెయ్యి దురద పెడుతున్నట్టు. అతన్ని చూశాక నాకు తోచింది. అతను కన్నం దగ్గరికి చుక్కను తీసుకెళ్లేవాడు. అక్కడ లెక్కలేమీ లేవు. మనం తీసుకెళ్లవలసింది చుక్కను కాదు, స్కోపులోని ప్లస్ గుర్తును.

తీర్మానాల పుస్తకం తెరిచి ముందుకు నడిచాను.

"బెహరాగారూ, ఒక సందేహం. 'సవరణ అనగా నిమిషములలో గాని, మిల్లులలో గాని, అంకెలతో వ్యక్తపరచబడిన మార్పు.' ఇది మీరు చెప్పగా నేను రాసిందేనా?"

"అక్షరం అక్షరం నాదే" అన్నారాయన సంతోషంగా.

"అయితే అంకెలు లేని మార్పు సవరణ కాదు."

బెహరాగారు ఆలోచించారు. తన వాక్యాన్ని తనే కాదనడం ఆయన వల్ల కాదు. "నిర్వచనం ప్రకారం... కాదు."

"అంకెలు చూడకుండా మర ఎలా తిప్పుతారమ్మా?" అన్నారు పట్నాయక్‌గారు కంగారుగా.

"ఉప్పు వేసినట్టేనండీ."

సునందినీ దేవిగారి వైపు చూశాను. "కాల్చకుండా మర తిప్పుకోవడానికి మా నిబంధనల్లో అభ్యంతరం లేదు. మూడు నిమిషాలిస్తున్నాను" అన్నారావిడ. జోగినాయుడుగారు ఉలిక్కిపడ్డారు. "గడియారం నిమిషాలే" అన్నారావిడ.

ఎవరూ అంకెలు చూశారనకుండా, నా సంచిలోని బొట్టుబిళ్లల అట్ట తీసి, బిళ్లల్ని మూత మీది అంకెలన్నిటి మీదా అంటించాను. హైమ ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి బోర్లా పడుకుంది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ప్లస్ గుర్తు చుక్క మీద పెట్టు. పెట్టావా? ఇంక తుపాకీ కదపకు. నేను మర తిప్పుతాను. ప్లస్ నడుచుకుంటూ వెళ్లి ఇప్పుడు పడిన కన్నం మీద నిలబడగానే ఆపమను."

"తుపాకీ కదలకుండా ప్లస్ మాత్రం నడుస్తుందా?"

"నువ్వు మాట్లాడితే తుపాకీ కూడా నడుస్తుంది. నోరు మూసుకో."

"నీ మోచెయ్యి నాకు తగులుతోంది వదినా."

"నా చెయ్యి నా ఇష్టం."

టిక్కు, టిక్కు, టిక్కు. వెనక పదిమంది మెడలు సాచి చూస్తున్నారు. హైమ గొంతులో "ఊఁ... ఊఁ... ఇంకా..." అని వినిపిస్తోంది. "ఆపు!"

ఆపాను. అలవాటు కొద్దీ టిక్కులు లెక్కపెట్టాను గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే అది సవరణ అయిపోతుంది.

ఇప్పుడు ప్లస్ గుర్తు ఎక్కడ ఉంటే తూటా అక్కడికే వెళ్తుంది. హైమ మళ్లీ చుక్కను చూసుకుంది. భుజం సర్దుకుంది. గేటు దగ్గర మేకలు నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

కాల్చింది.

పైడయ్య పళ్లెం లేచి నేరుగా చుక్క నడిబొడ్డు మీద నిలిచి గిరగిరా తిరిగింది. పదికి పది వచ్చినప్పుడు అలా తిప్పాలి. ముప్పై ఏళ్ల పనిలో నేర్చుకున్నాడు, ఈ మధ్యే మరిచిపోయాడు. రెండోది, మూడోది కూడా అక్కడే. నాలుగోది రవ్వంత ఎడమకు జరిగి తొమ్మిది. ఏడోదీ అటే, తొమ్మిది. తొమ్మిదోది కాస్త పైన, అదీ తొమ్మిది. మిగిలినవన్నీ పది. మొత్తం తొంభై ఏడు.

హైమ లేచి నన్ను వాటేసుకుని, మోచేతులకున్న మట్టంతా నా చీరకు పూసింది. గోతిలోంచి పైడయ్య కేకేశాడు: "అమ్మగారూ, నానేటీ అంటించలేదండి! ఒట్టు!"

సునందినీ దేవిగారు కాగితం మేకుల నుంచి విప్పి చుట్టి తన సంచిలో పెట్టుకున్నారు. హైమ పేరు రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ బొట్టుబిళ్లల మూతను ఇంకోసారి చూసి, "మీ క్లబ్బులో ఏ పద్ధతి వాడతారు?" అని అడిగారు. నిమిషాలని ఒకరు, మిల్లులని ఒకరు ఒకేసారి జవాబు చెప్పారు.

తర్వాతి ఆదివారం కార్యవర్గం సమావేశమైంది. హైమకు అభినందనలు ఒక వాక్యం, సంజాయిషీ కోరుతూ రెండు పేరాలు రాయించారు. క్లబ్బు సగటు ఇన్నాళ్లూ సరిగ్గా నూరుండేదని, ఎంపిక కాని కుర్రాళ్లను వదిలేసి, కార్యవర్గంలో పదిమంది మార్కులకు హైమ మార్కులు కలపడం వల్ల అది తొంభై తొమ్మిది పాయింట్ డెబ్బై మూడుకు పడిపోయిందని, క్లబ్బు చరిత్రలో ఇంతటి క్షీణత ఎన్నడూ లేదని, పోయిన మూడు మార్కులు ఎక్కడున్నాయో వారం లోపల తెలపాలని తాఖీదు. లెక్క సరిచూశాను. సగటు కరెక్టే. అందుకే మారుమాట లేకుండా రాశాను.

జవాబు హైమ చెప్పింది, నేను రాశాను: "అయ్యా, పోయిన మూడు మార్కులూ ఎక్కడికీ పోలేదు. చుక్కకు ఎడమ పక్కన రెండు, పైన ఒకటి, ఆ కాగితం మీదే ఉన్నాయి. మనకు అలవాటైన ప్రకారం చుక్కను అటు జరిపి వాటిని తీసుకోగలరు."

పొగరని కోప్పడతారనుకున్నాను. పట్నాయక్‌గారు రెండుసార్లు చదివి తలూపారు. "చూశారా, కుర్రదైనా తీర్మానం స్ఫూర్తి పట్టుకుంది" అన్నారు బెహరాగారు. కాగితం రాష్ట్ర సంఘం ఆఫీసులో ఉంది కాబట్టి అక్కడికి మనిషిని పంపాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు.

పైడయ్య సోమవారం పొద్దుటి బస్సుకు గమ్ము సీసాతో బయల్దేరాడు. హైమ కూడా పెట్టె పట్టుకుని అదే బస్సెక్కింది, శిక్షణ శిబిరానికి.

"కిటికీ పక్క సీటు నాది తాతా" అంటోంది.

"కూకో తల్లీ కూకో. నువ్వు గురి సూసుకోడానికెల్తన్నావు. నాకేటి, ఎక్కడ కూకున్నా అంటించడమే కదా."